ఫోటో ఎఫెక్టులు, కదిలే బొమ్మలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడి మెనూ పేర్లు జింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌వి. ఫొటోషాప్‌లో దారి వేరుగా ఉన్న ముఖ్యమైన చోట్ల అదీ రాశాం. వెర్షన్ మారితే మెనూలు కాస్త అటూ ఇటూ అవుతుంటాయి. జింప్‌లో ఏదైనా దొరక్కపోతే కీబోర్డు మీద స్లాష్ నొక్కి దాని పేరు టైప్ చేయండి, అదే వెతికిపెడుతుంది.

ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టాలి?

లేయర్లు (ఒకదాని మీద ఒకటి పరిచే పొరలు), లేయర్ మాస్కులు (పొరలో కొంత భాగాన్ని దాచే తెరలు), బ్లెండ్ మోడ్‌లు (పై పొర కింది పొరతో కలిసే పద్ధతులు) ఉన్నది ఏదైనా చాలు. జింప్ ఉచితం, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా నడుస్తుంది. ఫొటోషాప్‌లో టైమ్‌లైన్ ఉంది కాబట్టి యానిమేషన్ పని కాస్త సుఖం. చేత్తో ఒక్కో బొమ్మా గీసి కదిలించాలనుకునేవాళ్లకు క్రిటా మేలు. బ్రౌజర్‌లోనే తెరుచుకునే ఫొటోపియా చిన్న పనులకు సరిపోతుంది. ఒక్క బటన్‌తో ఎఫెక్ట్ వేసిపెట్టే యాప్‌ల జోలికి ఇక్కడ పోవడం లేదు. ఏ పిక్సెల్ (ఫోటోలోని అతిచిన్న చుక్క) ఎందుకు మారిందో వాటిలో తెలియదు, నచ్చని చోట సరిదిద్దుకోవడమూ కుదరదు.

అసలు ఫోటో పాడవకుండా ఎలా పనిచేయాలి?

ఫోటో తెరవగానే లేయర్‌కు నకలు తీయండి: జింప్‌లో కంట్రోల్+షిఫ్ట్+డి, ఫొటోషాప్‌లో కంట్రోల్+జె. పనంతా నకలు మీదే. సేవ్ చేసేటప్పుడు జింప్ అయితే ఎక్స్‌సీఎఫ్, ఫొటోషాప్ అయితే పీఎస్‌డీ రూపంలో ఉంచుకోండి; వాటిలో లేయర్లు విడివిడిగా మిగులుతాయి. జేపెగ్‌ను పని మధ్యలో వాడకండి. దాన్ని మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కుదింపు మళ్లీ జరుగుతుంది, అంచుల దగ్గర మచ్చలు పేరుకుంటాయి. పంపించడానికి చివర్లో ఒక్కసారి ఎక్స్‌పోర్ట్ చేస్తే చాలు.

జింప్ 3.0 నుంచి చాలా ఫిల్టర్లు లేయర్‌కు తగిలించినట్టుగా ఉండిపోతాయి, తర్వాత విలువలు మార్చుకోవచ్చు. పాత 2.10లో ఫిల్టర్ ఒకసారి వేస్తే పిక్సెళ్లు మారిపోయినట్టే.

ఫోటో అంతా నలుపు తెలుపు, ఒక్క వస్తువు మాత్రం రంగుల్లో. ఎలా?

నకలు లేయర్‌ను కలర్స్ > డీశాచురేట్‌తో రంగు తీసేయండి. కింద రంగుల లేయర్ అలాగే ఉంటుంది. పై లేయర్ మీద కుడి క్లిక్ చేసి యాడ్ లేయర్ మాస్క్ ఎంచుకోండి, రకం తెలుపు. ఇప్పుడు మాస్క్ మీద నల్ల రంగు బ్రష్‌తో ఆ వస్తువు ఉన్నంత మేర పూయండి. పూసిన చోట పై లేయర్ మాయమై కింది రంగులు కనిపిస్తాయి. గీత దాటితే బ్రష్ రంగు తెలుపుకు మార్చి మళ్లీ పూస్తే వెనక్కి వస్తుంది. ఎరేజర్ వాడొద్దనేది అందుకే: అది చెరిపింది తర్వాత కావాలంటే దొరకదు.

ఇక్కడ ఎక్కువమంది తడబడేది ఒకేచోట. మాస్క్ బదులు లేయరే ఎంపికై ఉంటుంది, బ్రష్ తిప్పగానే ఫోటో మీద నల్ల మరక పడుతుంది. లేయర్ల ప్యానెల్‌లో ఏ చిన్న బొమ్మ చుట్టూ గీత ఉందో చూసుకుని మొదలుపెట్టండి. ఆల్ట్ నొక్కి మాస్క్ మీద క్లిక్ చేస్తే మాస్క్ ఒక్కటే కనిపిస్తుంది. మధ్యలో వదిలేసిన చుక్కలు అప్పుడు బయటపడతాయి.

అంచు దగ్గర బ్రష్ మరీ గట్టిగా ఉంటే కత్తెరతో కోసి అంటించినట్టుంటుంది, మరీ మెత్తగా ఉంటే రంగు పక్కకు పొంగుతుంది. ఫోటోలో ఆ అంచు ఎంత స్పష్టంగా ఉందో బ్రష్ గట్టిదనం కూడా అంతే పెట్టాలి. ఫోకస్‌లో లేని అంచుకు మెత్తని బ్రష్, ఫోకస్‌లో ఉన్నదానికి గట్టిది.

బ్లెండ్ మోడ్‌లు డజన్ల కొద్దీ ఉన్నాయి. అన్నీ నేర్చుకోవాలా?

అక్కర్లేదు. మల్టిప్లై, స్క్రీన్, ఓవర్‌లే బాగా తెలిస్తే తొంభై పాళ్ల పని అయిపోతుంది.

నలుపును 0, తెలుపును 1 అనుకోండి. మల్టిప్లై రెండు లేయర్ల విలువల్ని గుణిస్తుంది: 0.5ని 0.5తో గుణిస్తే 0.25, అంటే ఇంకా ముదురు. తెలుపు 1 కాబట్టి దానివల్ల ఏ మార్పూ రాదు. తెల్ల కాగితం మీది సంతకాన్నో గీతల బొమ్మనో ఫోటో మీద పరచాలంటే మల్టిప్లై పెట్టండి, కాగితం దానంతటదే మాయమవుతుంది. స్క్రీన్ దీనికి తలకిందులు: రెంటినీ తిరగేసి గుణించి మళ్లీ తిరగేస్తుంది, 0.5, 0.5 కలిసి 0.75 అవుతాయి. ఇందులో నలుపు మాయమవుతుంది. బాణసంచా, పొగ, వాన, మెరుపు, అంటే నల్లని నేపథ్యం మీద తీసిన వెలుగు ఏదైనా స్క్రీన్‌తోనే అతుకుతుంది. రెండు ఫోటోలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన డబుల్ ఎక్స్‌పోజర్ కూడా ఇదే. ఓవర్‌లే కింది లేయర్ ముదురుగా ఉన్నచోట మల్టిప్లైలా, లేతగా ఉన్నచోట స్క్రీన్‌లా పనిచేసి కాంట్రాస్ట్ పెంచుతుంది.

పాత పాఠం చూసి అచ్చం అలాగే చేసినా ఫలితం వేరుగా వస్తోందా? జింప్ 2.10 నుంచి కొన్ని మోడ్‌లు వెలుగును మరో పద్ధతిలో లెక్కిస్తాయి. మోడ్ జాబితా పక్కనున్న చిన్న బటన్ నొక్కి లెగసీ గుంపుకు మారితే పాత ఫలితం వస్తుంది.

పెన్సిల్‌తో గీసినట్టు కనిపించాలంటే?

దీనికి రెడీమేడ్ ఫిల్టర్ కంటే చేత్తో చేసేదే బాగుంటుంది.

1. లేయర్‌కు నకలు తీసి డీశాచురేట్ చేయండి.
2. ఆ నలుపు తెలుపు లేయర్‌కు ఇంకో నకలు తీసి కలర్స్ > ఇన్వర్ట్ చేయండి, అంటే నలుపు తెలుపుగా, తెలుపు నలుపుగా తిరగేయండి.
3. పై లేయర్ మోడ్ డాడ్జ్‌కు మార్చండి. ఫొటోషాప్‌లో దాని పేరు కలర్ డాడ్జ్. ఫోటో దాదాపు తెల్లగా అయిపోతుంది. కంగారు పడొద్దు, అలాగే కావాలి.
4. పై లేయర్‌ను మసకబరచడానికి దానికి ఫిల్టర్స్ > బ్లర్ > గాసియన్ బ్లర్ వేయండి. 2000 పిక్సెళ్ల వెడల్పు ఫోటోకు 5తో మొదలుపెట్టి 20 దాకా పెంచుతూ చూడండి. గీతలు తేలుతాయి.
5. లేయర్ > న్యూ ఫ్రమ్ విజిబుల్‌తో ఫలితాన్ని ఒక లేయర్‌గా చేసుకుని, కలర్స్ > లెవెల్స్‌లో ఎడమ, మధ్య త్రికోణాలను కుడివైపు జరిపితే గీత ముదురుతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందంటే, డాడ్జ్ కింది పిక్సెల్‌ను పైదాని తిరగేసిన విలువతో భాగిస్తుంది. పైది ఇప్పటికే తిరగేసిన నకలు కాబట్టి ఒక సంఖ్యను దానితోనే భాగించినట్టవుతుంది. జవాబు 1, అంటే తెలుపు. బ్లర్ వేశాక ప్రతి పిక్సెల్‌నూ దాని చుట్టుపక్కల సగటుతో భాగిస్తున్నాం. సమంగా ఉన్న చెంప, ఆకాశం తెల్లగానే మిగులుతాయి. చుట్టూ ఉన్నవాటికంటే ముదురుగా ఉన్న కనురెప్ప, జుట్టు, అంచు మాత్రమే గీతగా నిలబడతాయి. బ్లర్ పెంచేకొద్దీ గీత పోయి బొగ్గుతో పూసిన నీడల్లా ఎందుకు మారుతుందో కూడా ఇందులోనే ఉంది.

చర్మం మీద ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తే తప్పు ఈ పద్ధతిది కాదు, తక్కువ వెలుతురులో తీసిన ఫోటోలోని నాయిస్‌ది. మొదటి మెట్టుకు ముందే ఫిల్టర్స్ > ఎన్‌హాన్స్ > నాయిస్ రిడక్షన్ కొద్దిగా వేయండి.

కలలో చూసినట్టు వెలుగు చిందే ఎఫెక్ట్?

నకలు తీసి, వెడల్పులో దాదాపు నూరో వంతు గాసియన్ బ్లర్ వేసి (3000 పిక్సెళ్లకు 30), మోడ్ స్క్రీన్, ఒపాసిటీ (లేయర్ ఎంత దట్టంగా కనిపించాలో) 30 నుంచి 50 శాతం. ఆకాశం తెల్లగా పేలిపోతే అక్కడ మాస్క్‌తో తగ్గించండి. చెట్లకు, పూలకు బాగుంటుంది. ముఖాల మీద కళ్లు మసకబారతాయి కాబట్టి అక్కడా మాస్క్ తప్పదు.

పాత ఫోటోలా గోధుమ రంగులోకి మార్చడం?

కలర్స్ > డీశాచురేట్ > సెపియా. దానిమీద లైట్ అండ్ షాడోలోని విన్యెట్‌తో మూలలు కొద్దిగా ముదురు చేయండి. నిజంగా పాతబడిన ఫోటోల్లో నలుపు వెలిసిపోయి ఉంటుంది. లెవెల్స్‌లో కింది వరుస నల్ల త్రికోణాన్ని 20 దాకా జరిపితే ఆ పాతదనం వస్తుంది. గీతలు, మరకల టెక్స్చర్లు ఎంత తక్కువ పెడితే అంత నమ్మేలా ఉంటుంది.

జింప్‌లో కదిలే జిఫ్ తయారుచేసే పద్ధతి ఏమిటి?

జిఫ్ అంటే కొన్ని బొమ్మలు వరుసగా మారుతూ కదిలినట్టు కనిపించే ఫైలు; ఆ వరుసలోని ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటారు. జింప్‌లో ఒక్కో లేయర్ ఒక్కో ఫ్రేమ్. అన్నిటికంటే కింద ఉన్నదే మొదటి ఫ్రేమ్, పైన ఉన్నది చివరిది. మీ దగ్గర విడి ఫోటోలు ఉంటే ముందే అన్నిటినీ ఒకే కొలతకు తెచ్చి, ఫైల్ > ఓపెన్ యాజ్ లేయర్స్‌తో తెరవండి. ఫైళ్లకు 01, 02 అని వరుస పేర్లు పెడితే తికమక ఉండదు.

ఫిల్టర్స్ > యానిమేషన్ > ప్లేబ్యాక్‌లో ఆడించి చూడండి. నచ్చాక ఫైల్ > ఎక్స్‌పోర్ట్ యాజ్‌లో ఫైలు పేరు చివర జిఫ్ ఎక్స్‌టెన్షన్ పెట్టి, వచ్చే డైలాగ్‌లో యాజ్ యానిమేషన్ టిక్ చేయండి. అది మరిచిపోతే లేయర్లన్నీ కలిసి ఒకే కదలని బొమ్మ వస్తుంది. ఎప్పటికీ తిరుగుతూ ఉండాలంటే లూప్ ఫరెవర్, లేకపోతే ఒక్కసారి ఆడి ఆగిపోతుంది.

ఫొటోషాప్‌లో విండో > టైమ్‌లైన్ తెరిచి క్రియేట్ ఫ్రేమ్ యానిమేషన్ నొక్కి, ప్యానెల్ మెనూలో మేక్ ఫ్రేమ్స్ ఫ్రమ్ లేయర్స్ ఎంచుకోండి. ఎక్స్‌పోర్ట్‌లోని సేవ్ ఫర్ వెబ్‌తో జిఫ్‌గా తీయాలి. మామూలు సేవ్ యాజ్‌కు పోకండి, రంగులు, సైజు చూసుకుంటూ సర్దే వీలు ఇందులోనే ఉంది.

ఒక్కో ఫ్రేమ్ ఒక్కోసేపు నిలవాలంటే?

జింప్‌లో ఆ సమయాన్ని లేయర్ పేరులోనే రాయాలి. పేరు చివర బ్రాకెట్లలో 100 అంకె, దాన్ని ఆనుకుని ఎం, ఎస్ అనే చిన్న ఇంగ్లిష్ అక్షరాలు రాస్తే ఆ ఫ్రేమ్ 100 మిల్లీసెకన్లు ఉంటుంది. రాయని లేయర్లకు ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో ఇచ్చిన విలువ వర్తిస్తుంది.

జిఫ్ సమయాన్ని సెకనులో నూరో వంతుల్లో కొలుస్తుంది. కాబట్టి 20, 30, 40 మిల్లీసెకన్లు కుదురుతాయి, 33 కుదరదు. సెకనుకు 30 ఫ్రేములు కచ్చితంగా రావు; 25 కావాలంటే 40 మిల్లీసెకన్లు పెట్టండి. ఇంకో చిక్కు ఏమిటంటే, 10 మిల్లీసెకన్లు గానీ సున్నా గానీ ఇస్తే బ్రౌజర్లు దాన్ని 100గా మార్చేస్తాయి. వేగం పెంచుదామని తగ్గించుకుంటూ పోతే బొమ్మ ఉన్నట్టుండి నత్తనడక నడిచేది అందుకే. 20 కంటే కిందికి దిగకండి.

ఫోటోలో వాన గానీ మంచు గానీ కురిపించడం ఎలా? లూప్ అతుకు కనిపించకూడదు.

600 వెడల్పు, 400 ఎత్తు ఉన్న ఫోటో అనుకుందాం, 8 ఫ్రేములు.

కొత్త లేయర్‌ను నలుపుతో నింపి, ఫిల్టర్స్ > నాయిస్ > హర్ల్‌తో 2 నుంచి 3 శాతం చుక్కలు చల్లండి. డీశాచురేట్ చేసి, బ్లర్ మెనూలోని లీనియర్ మోషన్ బ్లర్‌ను పొడవు 20, కోణం దాదాపు నిలువుగా పెట్టి వేయండి. మసకబారిన చారల్ని లెవెల్స్‌లో కుడి త్రికోణం ఎడమకు లాగి వెలిగించండి. మోడ్ స్క్రీన్ చేస్తే నలుపు పోయి వాన మిగులుతుంది.

బ్లర్ పైఅంచునూ కిందిఅంచునూ కలపదు కాబట్టి అక్కడ అడ్డంగా ఒక అతుకు పడుతుంది. లేయర్ > ట్రాన్స్‌ఫార్మ్ > ఆఫ్‌సెట్‌లో వై విలువ 200 ఇచ్చి ర్యాప్ అరౌండ్ ఎంచుకుంటే ఆ అతుకు మధ్యలోకి వస్తుంది. స్మడ్జ్‌తోనో క్లోన్‌తోనో అక్కడ చారల్ని కలిపేయండి. ఈ మెట్టు వదిలేస్తే ప్రతి ఫ్రేమ్‌లోనూ ఒక గీత కిందికి జారుతూ కనిపిస్తుంది.

ఇప్పుడు వాన లేయర్‌కు 8 నకళ్లు. మొదటిదాన్ని కదపకండి. రెండోదానికి ఆఫ్‌సెట్ 50, మూడోదానికి 100, ఇలా ఎనిమిదోదానికి 350. తొమ్మిదోది ఉంటే 400 అయ్యేది, అంటే మొదటిదే మళ్లీ. దాన్ని చేర్చకండి: ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చి లూప్ దగ్గర తొట్రుపడుతుంది. గుండ్రంగా తిరిగే బొమ్మకూ ఇదే లెక్క: 12 ఫ్రేములైతే ఒక్కోటి 30 డిగ్రీలు, చివరిది 330 దగ్గర ఆగాలి.

ఆఖరుగా ఫోటోకు 8 నకళ్లు తీసి, ఒక్కో వాన లేయర్ కింద ఒక్కోటి పెట్టి, వాన లేయర్ మీద మెర్జ్ డౌన్ చేయండి. జిఫ్‌లో బ్లెండ్ మోడ్ అనేదే లేదు. కలపకుండా ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక ఫ్రేమ్ ఫోటో, ఒక ఫ్రేమ్ నల్ల తెర వస్తాయి.

ఫ్రేముకు 50 పిక్సెళ్లు వానకు సరిపోతుంది. మంచుకు అది మరీ వేగం. 16 ఫ్రేములు చేసి 25 పిక్సెళ్ల చొప్పున జరపండి, మోషన్ బ్లర్ బదులు 1 పిక్సెల్ గాసియన్ బ్లర్ వేయండి.

ఫోటోలో ఒక్క చోటే కదలాలి, మిగతాది నిశ్చలంగా ఉండాలి. సాధ్యమా?

సాధ్యమే. వీటిని సినిమాగ్రాఫ్‌లు అంటారు. 2011లో కెవిన్ బర్గ్, జేమీ బెక్ ఈ పేరుతో వాటికి ప్రచారం తెచ్చారు. మూలం ఫోటో కాదు, ట్రైపాడ్ మీద తీసిన చిన్న వీడియో. కెమెరా కొంచెం ఊగినా కదిలే భాగం నిశ్చల భాగం నుంచి విడిపోయి కనిపిస్తుంది.

ఫొటోషాప్‌లో ఫైల్ > ఇంపోర్ట్ > వీడియో ఫ్రేమ్స్ టు లేయర్స్‌లో 2 నుంచి 3 సెకన్ల ముక్క ఎంచుకుని ప్రతి రెండో ఫ్రేమ్ మాత్రమే తీసుకోండి. ఒక ఫ్రేమ్‌కు నకలు తీసి అన్నిటికంటే పైన పెట్టి, కదలాల్సిన చోట మాస్క్ మీద నలుపు పూసి రంధ్రం చేయండి. ఆ పై లేయర్ అన్ని ఫ్రేముల్లోనూ కనిపించేలా ఉండాలి. జింప్‌లో అయితే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లాంటి పనిముట్టుతో వీడియోను విడి బొమ్మలుగా తీసి, మాస్క్ ఉన్న లేయర్ నకలును ఒక్కో ఫ్రేమ్‌తోనూ కలపాలి. ఓపిక కావాలి.

మొదటి ఫ్రేమూ చివరి ఫ్రేమూ కలవకపోతే చివరి మూడు ఫ్రేముల మీద వీడియోలో లూప్ మొదలయ్యే చోటికి ముందున్న మూడు ఫ్రేముల్ని 25, 50, 75 శాతం ఒపాసిటీతో పరచండి. నీరు, పొగ, గుడ్డ, జుట్టు ఇలా చక్కగా కలుస్తాయి. నడిచే మనిషి కలవడు, రెండు నీడలు కనిపిస్తాయి.

ఫోటోలో బాగున్న రంగులు జిఫ్‌లో చారలు చారలుగా ఎందుకు వస్తున్నాయి?

జిఫ్‌ను కంప్యూసర్వ్ సంస్థ 1987లో తెచ్చింది. ఒక ఫ్రేమ్‌లో 256 రంగులకు మించి పట్టవు. ఆకాశం, చర్మం లాంటి చోట్ల వందల ఛాయలు నాలుగైదుకు కుదించుకుపోయి మెట్లుగా కనిపిస్తాయి. చుక్కలు కలిపి లేని ఛాయను భ్రమింపజేసేదే డిథరింగ్. ఇమేజ్ > మోడ్ > ఇండెక్స్‌డ్‌లో ఫ్లాయిడ్-స్టైన్‌బర్గ్ ఒకే బొమ్మకు అందంగా ఉంటుంది కానీ, యానిమేషన్‌లో చుక్కలు ప్రతి ఫ్రేమ్‌లో చోటు మారి నేపథ్యం చీమలు పాకినట్టు కదులుతుంది. అక్కడ పొజిషన్డ్ ఎంచుకోండి, చుక్కలు ఉన్నచోటే ఉంటాయి.

ఇండెక్స్‌డ్‌కు మార్చడం అన్ని పనులూ ముగిశాకే. ఆ తర్వాత ఏ కొత్త రంగు పూసినా పాలెట్‌లో, అంటే ఆ బొమ్మకు మిగిలిన రంగుల జాబితాలో, దానికి దగ్గరగా ఉన్నదే పడుతుంది.

ఫైలు సైజు మరీ పెద్దదైపోతోంది. ఏది తగ్గించాలి?

ముందు కొలత. వెడల్పు, ఎత్తు సగం చేస్తే పిక్సెళ్లు నాలుగో వంతుకు పడిపోతాయి. ఇంకే మార్పూ ఇంత లాభం ఇవ్వదు. 800×450 కొలతలో 60 ఫ్రేములంటే 2 కోట్ల 16 లక్షల పిక్సెళ్లు. అదే 480×270లో 30 ఫ్రేములైతే 39 లక్షల లోపే. కుదింపుకు ముందు జిఫ్‌లో పిక్సెల్‌కు ఒక బైటు అనుకుంటే తేడా తెలిసిపోతుంది.

తర్వాత ఫ్రేముల సంఖ్య. ఒకటి విడిచి ఒకటి తీసేసి, మిగిలినవాటి సమయం రెట్టింపు చేయండి. ఆ తర్వాతే రంగులు: 256 నుంచి 128కి దిగితే చాలా బొమ్మల్లో తేడా కనపడదు. డిథరింగ్ సైజును పెంచుతుంది, ఎందుకంటే జిఫ్ కుదింపు ఒకే వరుసలో పదేపదే వచ్చే పిక్సెళ్లను గుర్తుపట్టి పనిచేస్తుంది, చుక్కలు ఆ వరుసను తెంపేస్తాయి. నాయిస్ ఉన్న ఫోటోలు ఉబ్బిపోవడానికీ కారణం ఇదే. ఫొటోషాప్‌లో లాసీ (కొంత నాణ్యత వదులుకుని సైజు తగ్గించే) విలువ 5 నుంచి 20 మధ్య పెట్టి చూడవచ్చు.

నేపథ్యం కదలకపోతే ఫిల్టర్స్ > యానిమేషన్ > ఆప్టిమైజ్ ఫర్ జిఫ్ బాగా పనికొస్తుంది. ముందు ఫ్రేమ్‌తో పోల్చి మారిన భాగాన్నే ఉంచి మిగతాది తీసేస్తుంది. ఫలితం కొత్త బొమ్మగా తెరుచుకుంటుంది. అది ఎక్స్‌పోర్ట్‌కే, ఎడిటింగ్‌కు కాదు. ఎక్కడి నుంచో తెచ్చిన జిఫ్ కొలత మార్చితే ముక్కలు ముక్కలుగా వస్తోందంటే అది ఇలా ఆప్టిమైజ్ అయినదే. మొదట అన్ఆప్టిమైజ్ చేసి, మోడ్ ఆర్‌జీబీకి మార్చి, అప్పుడు కొలత తగ్గించండి.

కదిలే బొమ్మ వెనకాల పాత బొమ్మల జాడలు మిగిలిపోతున్నాయి.

పారదర్శక నేపథ్యం ఉన్న ఫ్రేములు ఒకదాని మీద ఒకటి పేరుకుంటున్నాయి. ఎక్స్‌పోర్ట్ డైలాగ్‌లో ఫ్రేమ్ డిస్పోజల్‌ను (కొత్త ఫ్రేమ్ వచ్చినప్పుడు పాతదాన్ని ఏం చేయాలో చెప్పే ఎంపిక) కంబైన్ నుంచి రీప్లేస్‌కు మార్చండి. లేయర్ పేరులో కంబైన్ అని బ్రాకెట్లలో ఉండిపోతే డైలాగ్‌లోని ఎంపిక దానికి వర్తించదు, కాబట్టి పేర్లూ చూడండి.

పారదర్శక జిఫ్ చుట్టూ తెల్లటి రంపపు అంచు ఎందుకు?

జిఫ్‌లో పిక్సెల్ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే పూర్తిగా లేదు. సగం పారదర్శకత లేదు కాబట్టి నునుపైన అంచులు తెగిపోతాయి. బొమ్మ ఏ రంగు పేజీ మీద పెడతారో ముందే తెలిస్తే జింప్‌లో సెమీ-ఫ్లాటెన్‌తో, ఫొటోషాప్‌లో మ్యాట్ పెట్టెలో ఆ రంగు ఇవ్వండి. అంచు పిక్సెళ్లు దానితో కలిసి నునుపుగా కనిపిస్తాయి. మెత్తని నీడలు, మెరుపులు మాత్రం జిఫ్‌లో కుదరవు. వాటికి యానిమేటెడ్ వెబ్‌పీ లేదా ఏపీఎన్‌జీ వాడాలి. రెండింటిలోనూ పూర్తి రంగులు, మెట్లుమెట్లుగా పారదర్శకత ఉంటాయి. వీడియోలాంటి పొడవైన దృశ్యమైతే వీడియోగానే పంపడం మంచిది.

తెలుగు అక్షరాలు విడిపోతున్నాయి. ఒక్కో అక్షరం కనిపించేలా చేయాలంటే?

వత్తులు పక్కకు పడిపోతే ఫొటోషాప్‌లో పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూ తెరిచి వరల్డ్-రెడీ కంపోజర్ ఎంచుకోండి. ఫాంటు యూనికోడ్‌దై ఉండాలి: నోటో సాన్స్ తెలుగు, మండలి, రామభద్ర లాంటివి. జింప్‌లో యూనికోడ్ ఫాంటు ఉంటే చాలు.

ఒక్కో అక్షరం టైప్ చేస్తూ ఫ్రేములు చేయకండి. మధ్యకు సర్దిన పంక్తి ప్రతిసారీ జరుగుతుంది, వత్తు వచ్చి చేరేదాకా ముందున్న అక్షరం సగం రూపంలో కనిపిస్తుంది. పూర్తి వాక్యాన్ని ఒక లేయర్‌గా పెట్టి, నకళ్లకు మాస్క్ వేసి, గుణింతం, వత్తుతో కలిపి ఒక్కో అక్షరం చొప్పున తెరుచుకుంటూ వెళ్లండి. చివరి ఫ్రేమ్‌కు 1500 మిల్లీసెకన్లు ఇవ్వండి, చదవడానికి వ్యవధి ఉండాలి.

మెరుపులు ఎంత వేగంగా పెట్టవచ్చు?

వెబ్ అందుబాటు ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ ప్రకారం సెకనుకు మూడు మెరుపులు దాటకూడదు. మూర్ఛ వ్యాధి ఉన్నవారికి అది ప్రమాదం. తెరంతా నలుపు తెలుపుగా కొట్టుకునే 100 మిల్లీసెకన్ల రెండు ఫ్రేముల లూప్ సెకనుకు ఐదుసార్లు మెరుస్తుంది, అంటే హద్దు దాటినట్టే. ఒక్కో ఫ్రేమ్‌కు 200 ఇస్తే రెండున్నరకు దిగుతుంది. ఐదు సెకన్లకు మించి తనంతట తాను కదులుతూ ఉండే బొమ్మను పేజీలో వేరే సమాచారంతో పాటు ఉంచితే, దాన్ని ఆపే వీలు చూసేవారికి ఉండాలని కూడా ఆ ప్రమాణం చెబుతుంది. జిఫ్‌కు ఆపే బటన్ ఉండదు కాబట్టి మొత్తం కదలిక ఐదు సెకన్లలోపు ముగిసేలా లూప్ సంఖ్యను పరిమితం చేయడం దీనికి సులువైన దారి.